మూసీకి ఎదురు

లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ ఉంది. 1948లో గాంధీజీ అస్థికలు నీళ్లలో కలిపిన చోటు అది. నైరుతి నుంచి వచ్చే ఈసీ ఇక్కడే మూసీలో కలుస్తుంది. ఇక్కణ్ణుంచి నది వెంట తూర్పుకి వెళ్తే పురానాపూల్, అఫ్జల్‌గంజ్, నాగోలు, చివరికి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణ. నదికి ఎదురుగా పడమటికి వెళ్తే గండిపేట, మొయినాబాద్, చేవెళ్ల, ఆ తర్వాత వికారాబాద్ పక్కనున్న అనంతగిరి. మూసీ పుట్టేది ఆ కొండల్లో. రోడ్డు మీద 75 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది.

సెలవు దొరికితే హైదరాబాద్ జనం వెళ్లే దారుల్లో ఇదొకటి. పొద్దున బయల్దేరి చెరువు దగ్గర కాసేపు ఆగి, కొండమీద గుడి చూసుకుని, తెచ్చుకున్న పులిహోర తిని, చీకటి పడేలోగా ఇల్లు చేరతారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఈ దారిలో మన కాళ్లకింద నేల రెండుసార్లు మారుతుంది. రాయి మారుతుంది, దాని వెంట మట్టి, మట్టి వెంట పంట, చెట్టు, నీళ్లు నిలిచే తీరు కూడా మారిపోతాయి. హైదరాబాద్‌కి ఇన్ని చెరువులు ఎందుకున్నాయో, బోరు వేస్తే ఒక ఇంట్లో నీళ్లు పడి పక్కింట్లో ఎందుకు పడవో, మూసీ అక్కడే ఎందుకు పుట్టిందో ఈ ఒక్క రోజు ప్రయాణంలో కళ్లతో చూసి తెలుసుకోవచ్చు. ఈ అధ్యాయం ఆ ప్రయాణం కోసమే.

బండి ఎక్కేముందు ఊళ్లోనే ఒక గంట గడపాలి. ఖాజాగూడ గుట్టల దగ్గరైనా సరే, గోల్కొండ కోట మెట్ల మీదైనా సరే. గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు ఎవరో ఎత్తి పెట్టినట్టు నిలబడి ఉంటాయి. ఎవరూ ఎత్తి పెట్టలేదు, ఎక్కణ్ణుంచో దొర్లి కూడా రాలేదు. అవి ఉన్నచోటే తయారయ్యాయి.

ఆ రాయి గ్రానైటు. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు కాబట్టి మన గ్రహం చరిత్రలో సగానికి పైగా చూసిన రాయి ఇది. అది గట్టిపడ్డ కాలానికి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. జంతువులు లేవు, మొక్కలు లేవు. ఉన్నవల్లా సూక్ష్మజీవులు. ఈ ఆక్సిజన్ సంగతి గుర్తుపెట్టుకోండి, సాయంత్రం అనంతగిరి మీద మళ్లీ పనికొస్తుంది.

భూతద్దంతో గ్రానైటు ముక్కను చూస్తే మూడు ఖనిజాలు తేలిగ్గా పట్టుకోవచ్చు. గులాబీ రంగులోనో తెల్లగానో పలకలుగా ఉన్నది ఫెల్డ్‌స్పార్. గాజులా మసకగా ఉన్నది క్వార్ట్జ్. నల్లగా, తళుకుమనే రేకులు అభ్రకం. గింజలు ఇంత పెద్దవిగా పెరిగాయంటే కరిగిన శిల చాలా నిదానంగా చల్లారిందని అర్థం. అంత నిదానం భూమి లోపల కిలోమీటర్ల లోతులోనే సాధ్యం. అంటే ఇప్పుడు మనం నిలబడ్డ చోటు ఒకప్పుడు పాతాళం. పైనున్న కిలోమీటర్ల కొద్దీ రాయి కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయాక ఇది వెలుగు చూసింది.

పైబరువు తగ్గేకొద్దీ లోపలి రాయి వ్యాకోచించి పగుళ్లు బారుతుంది. చల్లారేటప్పుడు పడ్డ పగుళ్లు ముందే ఉన్నాయి. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని. రాయి ఇంకా మట్టికింద ఉండగానే వాననీరు ఈ పగుళ్లలోకి దిగుతుంది. గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్ కలవడంతో ఆ నీటికి కాస్త ఆమ్లగుణం వస్తుంది. ఫెల్డ్‌స్పార్ దానికి లొంగిపోయి మెత్తటి బంకమట్టిగా మారుతుంది. క్వార్ట్జ్ లొంగదు, ఇసకగా మిగులుతుంది. ఇటుకల్లా పగిలిన దిమ్మెలకు మూలల దగ్గర మూడువైపుల నుంచి, అంచుల దగ్గర రెండువైపుల నుంచి, ముఖాల మీద ఒకవైపు నుంచే నీరు పనిచేస్తుంది. నోట్లో వేసుకున్న పటికబెల్లం ముక్కకు ముందు మూలలు కరిగినట్టే, నలుపలకల దిమ్మె క్రమంగా గుండ్రటి గుండవుతుంది. ఆ తర్వాత చుట్టూ మెత్తబడ్డ మట్టి వానలకు కొట్టుకుపోతుంది. లోపల గట్టిగా మిగిలిన గుండ్లు ఏ వరసలో ఉన్నవి ఆ వరసలో కిందికి దిగి, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు రాయి అలా మిగిలినదే.

ఈ కథంతా నెమ్మదిగా జరిగిందని చెప్పక్కర్లేదు. దాన్ని ముగించడం మాత్రం మనకు చాలా తేలికైపోయింది. ఒక గుట్టను పేల్చి కంకర చేయడానికి కొన్ని నెలలు చాలు. 1996లో రాళ్లను కాపాడాలని ఈ నగరంలో ఒక సంస్థే పుట్టింది. రాతికి కూడా సంఘం కావాలా అని అప్పట్లో ఆశ్చర్యపోయినవాళ్లు ఇప్పుడు పడమటి శివార్లు ఒకసారి తిరిగి చూస్తే సమాధానం దొరుకుతుంది.

గుండ్ల మధ్య ఉండే జీవితం వేరు. ఎండలో రాయి కాలిపోతుంది, పగులులో మాత్రం చల్లగా, చెమ్మగా ఉంటుంది. రెండింటికీ దూరం జానెడు. అందుకే గుండు మీద ఎండ కాగే బండతొండ మనం దగ్గరికి రాగానే ఒక్క దూకులో చీకట్లోకి మాయమవుతుంది. జతకట్టే కాలంలో మగ తొండకు వీపు ఎర్రగా, పక్కలు నల్లగా మారతాయి. పగుళ్లలో చేరిన పిడికెడు మట్టిలో సీతాఫలం మొలుస్తుంది, తంగేడు మొలుస్తుంది. తొలకరి తర్వాత బండ మీది గుంటల్లో నీరు నిలిచి, వారం తిరక్కుండా తోకకప్పలు ఈదుతుంటాయి. గుంట ఎండేలోగా వాటికి కాళ్లు రావాలి. ఆ పందెంలో అన్నీ గెలవవు.

జూన్ చివర్లో ఆరుద్ర కార్తె ప్రవేశించాక, మంచి వాన పడ్డ మర్నాడు వెళ్తే నేలమీద ఎర్రటి మఖమల్ చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. ఆరుద్ర పురుగులు. వాటికి ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి సాలీళ్లకు చుట్టాలు, కీటకాలు కావు. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే గడిపి, వానకు పైకి వచ్చి, అదే వానకు పుట్టల్లోంచి లేచిన ఉసిళ్లను తిని, జతకట్టి మళ్లీ నేలలోకి వెళ్లిపోతాయి. వాటి పిల్లలు మిడతల్లాంటి పురుగులకు అంటుకుని బతుకుతాయి. తెలుగు రైతు ఆ పురుగును చూసి విత్తనాలకు అదను చూసుకున్నాడంటే, నేలలోపలి చెమ్మ ఎంత లోతుకు దిగిందో అతనికి ఒక జీవి చెప్పిందన్నమాట.

ఇక నీళ్ల సంగతి. గ్రానైటు దానంతటది నీటిని పీల్చుకోదు. పైనున్న మెత్తబడ్డ పొరలోనూ దానికింది పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. నగరానికి దక్షిణాన మహేశ్వరం ప్రాంతంలో భారతీయ, ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులు కలిసి ఏళ్ల తరబడి బోరుబావులను పరీక్షించారు. నీరు బాగా పారే పగుళ్లలో ఎక్కువ భాగం సుమారు 35 మీటర్ల లోతులోపే ఉన్నాయని తేలింది. ఆ కిందికి వెళ్లేకొద్దీ పగుళ్లు అరుదు. అంటే 300 మీటర్లు దింపిన బోరు పొడవునా నీటిపొర ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఎక్కడో ఒక పగులు తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. పక్కింటి బోరుకు పడ్డ నీళ్లు మనకు పడకపోవడానికి కారణం ఇదే.

నేల దాచుకోలేని నీటిని నేలమీదే ఆపాలి. తెలంగాణ పల్లెల్లో చెరువులు కట్టినవాళ్లు ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు గానీ కచ్చితంగా తెలుసుకున్నారు. రెండు రాతిగుట్టల మధ్య ఇరుకు చోట కట్ట వేస్తే చెరువు. దాని మత్తడి పారితే దిగువన ఇంకో చెరువు. కాకతీయుల కాలం నుంచి పేరుకెక్కిన గొలుసుకట్టు చెరువులకు ఈ గ్రానైటు గుట్టలే ఆధారం. గొలుసుకు బలం ఉన్నట్టే బలహీనత కూడా ఉంది. పైచెరువు తెగితే దాని నీరంతా కిందిచెరువు మీద పడుతుంది. 1908 సెప్టెంబర్ 28న జరిగింది అదే. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయి. నగరంలో వేలమంది చనిపోయారు. మృతుల సంఖ్య 15,000 దాకా ఉంటుందని చెబుతారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి బతికినవాళ్లున్నారు. ఆ చెట్టు నేటికీ ఉంది.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి ఎగువన నీటిని ఆపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మన ప్రయాణంలో మొదటి మజిలీ ఉస్మాన్‌సాగర్. జనం నోట్లో గండిపేట. వరదను ఆపడానికి కట్టినది దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు కూడా ఇచ్చింది.

గండిపేట కట్టమీద శీతకాలం ఉదయం నిలబడితే నీటి అంచున పక్షులు బారులు తీరి ఉంటాయి. నీరు తగ్గి బురదమేటలు తేలిన ఏళ్లలో రాజహంసలు దిగుతాయి. తల కిందులుగా పెట్టి, ముక్కులోని జల్లెడతో సన్నటి జీవులను వడకట్టుకునే పక్షికి లోతు నీరు పనికిరాదు. అదే నీరు నిండుగా ఉంటే నీటికాకులు, బాతులు ఎక్కువ. అంటే ఏ పక్షి వచ్చిందో చూసి చెరువు లోతు చెప్పొచ్చు. తల మీద రెండు నల్లచారలున్న పెద్దబాతులు నగరం చుట్టుపక్కల జలాశయాలకు చలికాలంలో వస్తాయి. మధ్య ఆసియా, టిబెట్ పీఠభూముల నుంచి హిమాలయాలు దాటి వచ్చే పక్షులవి. పలుచటి గాలిలోనూ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ వాటి రక్తంలో ఉంది. పటాన్‌చెరు వైపున్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పక్షులే ముఖ్యమనుకునేవారు దానికోసం ఇంకో రోజు పెట్టుకోవాలి.

చిలుకూరు దగ్గర మృగవని జాతీయ ఉద్యానం ఉంది, మూడున్నర చదరపు కిలోమీటర్ల పైచిలుకు. చుక్కల దుప్పులు కనిపిస్తాయి. పిల్లలుంటే ఆగండి.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా రోడ్డుకి రెండువైపులా దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో నాటినవి. బండిలో వెళ్తుంటే నీడ మీద నీడ పడుతూ పోతుంది. ఒక్కచోట దిగి, పండిన మర్రికాయ ఒకటి తీసుకుని రెండుగా చీల్చి చూడండి. బయటికి పువ్వు లేకుండా కాయ కాసే చెట్టని మర్రికి పేరు గానీ, పువ్వులన్నీ ఆ కాయ లోపలే ఉన్నాయి, గోడకు లోపలివైపు వందల కొద్దీ.

అంత మూసుకున్న గదిలోకి వెళ్లి పరాగసంపర్కం చేయగలిగినది మర్రికంటూ ప్రత్యేకంగా ఉన్న ఒక కందిరీగ జాతి. దోమకన్నా చిన్నది. ఆడ కందిరీగ కాయ కొసనున్న సన్నటి రంధ్రంలోంచి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు తెగిపోతాయి, ఇక బయటికి రాదు. తాను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని పువ్వులకు అంటించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు. అవి ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు సొరంగం తొలిచి చచ్చిపోతాయి. ఆడవి ఆ దారిన పుప్పొడితో బయటపడి వేరే చెట్టు వెతుక్కుంటాయి. బయటికొచ్చాక వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులు.

అంత కొద్ది సమయంలో లేతకాయలున్న మరో మర్రి దొరక్కపోతే ఆ తరం అంతటితో ఆగిపోతుంది. అందుకే మర్రిచెట్లన్నీ ఒకేసారి కాయవు. ఒకటి కాసినప్పుడు ఇంకొకటి ఖాళీగా ఉంటుంది. ఈ ఏర్పాటుతో లాభపడేవి కందిరీగలు మాత్రమే కాదు. ఎండాకాలంలో వేరే పండు దొరకనప్పుడు కూడా ఏదో ఒక మర్రి మీద పండ్లుంటాయి. కోకిలలు, గోరింకలు, పచ్చపావురాలు, టక్ టక్ మంటూ పగలంతా కూసే కంసాలిపిట్ట, రాత్రి గబ్బిలాలు వాటి మీదే గడుపుతాయి. వందల చెట్లు వరసగా ఉంటేనే ఈ వంతులు సాగుతాయి. రోడ్డు విస్తరణలో ఈ చెట్లు పోకూడదని పౌరులు ఏళ్లుగా పోరాడారు, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వాళ్లు చేసింది న్యాయమైన పని. నూరేళ్ల మర్రికి బదులు పది మొక్కలు నాటినా, అవి ఇంత పందిరి వేసి ఇన్ని పండ్లు కాసేసరికి మన మనవల కాలం వస్తుంది.

మొయినాబాద్, చేవెళ్ల పొలాల్లో ముందు కనిపించేది ఎర్రటి చెల్క. గ్రానైటు అరిగి వచ్చిన మట్టి. క్వార్ట్జ్ ఇసక ఎక్కువ కాబట్టి నీరు చప్పున ఇంకిపోతుంది, చేతికి గరుకుగా తగులుతుంది. క్యారెట్టు లాంటి దుంపలకు ఆ వదులు నేల అనుకూలం. పడమటికి వెళ్లేకొద్దీ చెల్క మధ్యలో నల్లరేగడి మొదలవుతుంది. వికారాబాద్ వైపు వచ్చేసరికి పత్తి, జొన్న, కంది చేలకింద నేలంతా నలుపు. ఎండాకాలంలో వెళ్తే ఆ నేలలో చెయ్యి దూరేంత నెర్రెలు ఉంటాయి. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే ఒక రకం బంకమన్ను అందులో ఉంది. నీటిని పట్టి ఉంచే గుణమూ దానిదే. వానలు పోయాక కూడా కంది కాయగలగడానికి ఈ నేలే ఆసరా. తాండూరు కందిపప్పు రుచికి ఆ నేలే కారణమని అక్కడి రైతులు ఎప్పటినుంచో చెప్పేవారు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నేల రంగు మారిన చోట రాయి కూడా మారింది. ఇక్కడ గ్రానైటు మీద బసాల్టు పరుచుకుని ఉంది. నల్లటి, బరువైన, కంటికి గింజలు ఆనని రాయి. గింజలు కనపడవంటే త్వరగా చల్లారిందన్నమాట. పైకి పొంగి, గాలి తగిలి గట్టిపడ్డ లావా ఇది.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భారతభూమి ఇంకా ఆసియాను చేరలేదు. భూమధ్యరేఖకు దక్షిణాన, సముద్రం మధ్యలో ఒక ద్వీపంగా ఉత్తరానికి కదులుతోంది. అప్పుడు దాని పడమటి భాగంలో నేల పగిలి లావా వెలువడింది. శంఖువు ఆకారపు కొండ నెత్తిన నిప్పులు చిమ్మే అగ్నిపర్వతాన్ని ఊహించుకోవద్దు. మైళ్ల పొడవు పగుళ్ల నుంచి పొంగి, వరదలా నేలంతా పరుచుకుంది. కొన్నాళ్లు ఆగడం, మళ్లీ పొంగడం. ఇలా దాదాపు పది లక్షల ఏళ్లలోపే చాలా భాగం ముగిసింది. అరిగిపోగా మిగిలినదే ఇప్పటికీ సుమారు అయిదు లక్షల చదరపు కిలోమీటర్లు కప్పి ఉంది. ఆ లావాలో కొంత పాత నదీలోయల వెంట రాజమండ్రి దాకా పారిందని భూవిజ్ఞానులు చెబుతారు. అక్కడి కాటేరు, పంగిడి నల్లరాయి ఆ పారకానిదే. భూమ్మీద తెలిసిన లావా పారకాల్లో అంత దూరం వెళ్లినవి మరెక్కడా లేవు. వికారాబాద్ ప్రాంతం ఈ మహా దుప్పటికి ఆగ్నేయపు అంచు.

అంచు కాబట్టే ఇక్కడ గ్రానైటు, బసాల్టు దగ్గరదగ్గరగా చూడగలుగుతున్నాం. కిందిరాయికి 250 కోట్ల ఏళ్లు, పైరాయికి 6.6 కోట్లు. మధ్యలో 240 కోట్ల ఏళ్లకు పైగా జరిగినదానికి ఈ చోట రాతిలో ఆనవాలు లేదు. మరికొంత పడమరకు వెళ్తే తాండూరు దగ్గర ఆ ఖాళీలో ఒక ముక్క దొరుకుతుంది. ప్రాచీన సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అది. మన ఇళ్లలో పరుచుకున్న తాండూరు బండలు, షాబాదు బండలు ఆ సముద్రపు అడుగే.

లావా ఒకసారి పొంగి ఆగాక మళ్లీ పొంగేలోపు వేల ఏళ్లు గడిచేవి. ఆ విరామాల్లో లావా మీద నీరు నిలిచి చెరువులయ్యేవి, చెట్లు మొలిచేవి. తర్వాతి లావా వచ్చి ఆ చెరువు అడుగును అలాగే కప్పేసేది. రెండు నల్లరాతి పొరల మధ్య ఇరుక్కున్న ఇలాంటి సన్నటి మట్టిపొర పరిగి దగ్గర నస్కల్ అనే ఊళ్లో బయటపడింది. అందులో చేపల ఎముకలు, కప్పలు, మొసళ్లు, నత్తలు ఉన్నాయి. వాటితోపాటు చిన్న చిన్న పళ్లు దొరికాయి.

అవి ఒక క్షీరదానివి. ఎలుకంత జంతువు. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ఆ సంగతిని ‘నేచర్’ పత్రికలో ప్రకటించి దానికి దక్కనోలెస్టెస్ అని పేరుపెట్టారు. డైనోసార్ల కాలానికి, అంటే క్రెటేషియస్ యుగానికి చెందిన క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదటిసారి. ఆ పరిమాణం పళ్లను ఎలా వెతుకుతారో తెలిస్తే ఆ పని విలువ తెలుస్తుంది. బస్తాల కొద్దీ మట్టిరాయిని నీళ్లలో నానబెట్టి, సన్నటి జల్లెళ్లలో కడిగి, మిగిలిన నూకను సూక్ష్మదర్శిని కింద పెట్టి గింజ గింజ ఏరాలి. ఆ తర్వాత మడమ ఎముకలు కూడా దొరికాయి. వాటి కీళ్ల తీరును బట్టి ఈ జంతువు చెట్లెక్కేదని 1994లో మరో పరిశోధన తేల్చింది.

చిక్కుముడి అక్కడే మొదలైంది. భారతభూమి ద్వీపం అయినప్పుడు, మనుషులతో సహా నేటి క్షీరదాల్లో అత్యధికం చేరిన వంశానికి దగ్గరి ఈ జంతువు ఇక్కడికి ఎలా వచ్చింది? ఎక్కణ్ణుంచో సముద్రం దాటి వచ్చిందా, ఇక్కడే పుట్టి తర్వాత బయటికి వెళ్లిందా? యూరప్, ఆఫ్రికాల్లో దీనికి దగ్గరి పోలికలున్న శిలాజాలు బయటపడ్డాయి గానీ వాదన ఇంకా సాగుతోంది. హైదరాబాద్ నుంచి గంటన్నర దూరంలో ఉన్న పల్లె పేరు ప్రపంచ పురాజీవ శాస్త్రవేత్తలందరికీ తెలుసు. పరిగి బడుల్లో చదివే పిల్లలకు కూడా అది తెలియాలి. ఒక్క మాట: ఆ పొరలను మనం తవ్వకూడదు. ఏ పొరలో ఏ లోతున దొరికిందో తెలియని పన్ను శాస్త్రానికి పనికిరాదు.

మన్నెగూడ దగ్గర కుడికి తిరిగి వికారాబాద్ మీదుగా అనంతగిరి చేరేసరికి రాయి రెండోసారి మారుతుంది. ఘాటు రోడ్డు పక్కన తెగ్గోసిన గట్టు ముదురు ఎరుపు, పసుపు, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. ఇది లేటరైటు. కొత్తగా ఎక్కణ్ణుంచీ రాలేదు, ఇందాకటి నుంచి చూస్తున్న నల్ల బసాల్టే ఇది. కోట్ల ఏళ్ల వేడి, వాన దాన్ని ఇలా మార్చాయి. కరిగే గుణమున్న కాల్షియం, సోడియం, మెగ్నీషియం ముందు వెళ్లిపోయాయి. చివరికి సిలికా కూడా చాలావరకు కొట్టుకుపోయింది. కరగనివి ఇనుము, అల్యూమినియం. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మిగిలింది. పొద్దున చూసిన గ్రానైటు ఆక్సిజన్ లేని లోకంలో పుట్టింది. ఆ తర్వాత సూక్ష్మజీవులూ మొక్కలూ గాలిని ఆక్సిజన్‌తో నింపాయి కాబట్టే ఇప్పుడు ఈ కొండ ఎర్రగా ఉంది. ఒకే రోజులో ఆ రెండు గాలుల కాలాలనూ చేత్తో తాకి చూడగలిగే నగరవాసులు లోకంలో ఎక్కువమంది ఉండరు.

చిల్లులున్న రాయి కావడంతో కొండమీద పడ్డ వాన దీనిలోకి దిగుతుంది. అడుగున బసాల్టు మెత్తబడి తయారైన బంకమట్టి పొర ఉంది. నీరు దాన్ని దాటలేక, పక్కకు నడిచి, కొండవాలులో ఆ రెండు పొరలు కలిసే చోట ఊటగా బయటికి వస్తుంది. అనంత పద్మనాభస్వామి ఆలయం దగ్గర కోనేటిని, కింది లోయలో మూసీ తొలి వాగులను నింపేది ఈ ఊటలే. సముద్రమట్టానికి సుమారు 660 మీటర్ల ఎత్తున పుట్టి, 240 కిలోమీటర్లు నడిచి కృష్ణను చేరే నది ఇలా మొదలవుతుంది. వాన ఆగిన తర్వాత కూడా కొన్ని నెలలు వాగులో తేమ ఉంటుందంటే అది ఈ ఎర్రరాయి నిదానంగా విడుస్తున్న నీరు. సిమెంటు పరిశ్రమ కోసం వికారాబాద్ పీఠభూమి మీద లేటరైటును తవ్వుకుపోతున్నారు. తవ్విన మేరకు ఆ నిల్వ తగ్గుతుంది.

కొండమీద అడవి ఆకురాల్చే జాతి. టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, ఇప్ప, మోదుగ, రేల. ఫిబ్రవరి వచ్చేసరికి చాలా చెట్లు బోడిగా నిలబడతాయి. ఆకు నుంచి నీరు ఆవిరవుతుంది కాబట్టి, నేలలో చెమ్మ తగ్గగానే చెట్టు ఆకులనే వదిలేసుకుంటుంది. ఎండిపోయిందనుకుని జాలిపడక్కర్లేదు. ఆకు లేని ఆ రోజుల్లోనే మోదుగ పూస్తుంది. అడ్డు లేకపోవడంతో నారింజ రంగు పూలు దూరానికి కనిపిస్తాయి, తేనెపిట్టలు, గోరింకలు వస్తాయి. పువ్వులో తేనె ఎక్కువ, రేకు మందం. పిట్ట ముక్కును తట్టుకునే కట్టుబడి అది. వానాకాలంలో వెళ్తే లేత టేకాకును అరచేతిలో నలిపి చూడండి, చెయ్యి ఎర్రబడుతుంది. అడవి మంచి గాలినిస్తుందన్న నమ్మకంతోనే నిజాం కాలంలో ఇక్కడ క్షయరోగుల ఆసుపత్రి కట్టారు.

రాలిన ఆకు ఊరికే పోదు. వాన చినుకు నేరుగా నేలను కొట్టకుండా ఆపుతుంది, నీరు పరుగెత్తకుండా నిదానిస్తుంది, అప్పుడే లేటరైటులోకి దిగడానికి దానికి వ్యవధి చిక్కుతుంది. అడవి పోతే అదే వాన ఒక్క పూటలో వాగై పోతుంది. 1996లో జారీ అయిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు గండిపేట, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలనూ భారీ కట్టడాలనూ నిషేధించింది ఈ ఎరుకతోనే. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ ఇంకో ఉత్తర్వు వచ్చింది. 2024 అక్టోబరులో అనంతగిరికి చేరువలోని దామగుండం అడవిలో నౌకాదళ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అందుకు కేటాయించిన అటవీభూమి దాదాపు 2,900 ఎకరాలు. దేశరక్షణ అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ నది పుట్టే చోట చెట్టు కొట్టేముందు కింద కోటిమంది ఉన్నారని లెక్కలోకి తీసుకోవాలి. ఆ లెక్క అడిగే హక్కు ఆ కోటిమందికీ ఉంది.

వెళ్లేవాళ్లకు చివరగా కొన్ని మాటలు. మెహిదీపట్నం నుంచి వికారాబాద్, పరిగి బస్సులున్నాయి, వికారాబాద్ జంక్షన్‌కు రైళ్లూ ఉన్నాయి. కారు లేకపోయినా ఈ దారి పేదవాడికీ అందుతుంది. కొండతేనె పట్టులున్న బండల దగ్గర పొగ పెట్టవద్దు, అత్తర్లు పూసుకోవద్దు. గండిపేటలోనూ వికారాబాద్ దగ్గరి కోటపల్లి జలాశయంలోనూ ఈతకు దిగవద్దు, అడుగున ఒండ్రు కాళ్లను పట్టేస్తుంది. ఒక భూతద్దం, ఒక నోటుపుస్తకం, మంచినీళ్ల సీసా చాలు. తొలకరి పడ్డ వారంలో ఒకసారి, మోదుగ పూసినప్పుడు ఇంకోసారి వెళ్లండి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. గుండు దగ్గర, మర్రికింద, నల్లరేగడిలో, ఎర్రగట్టు పక్కన వాళ్లను దింపి చేత్తో తాకనివ్వండి.